స్కేలు లెక్కల్లో మొదట రాయించవలసిన వాక్యం

సంపాదకుల వారికి, నమస్కారాలు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో నిష్పత్తి, అనుపాతం పాఠాల కింద స్కేలు డ్రాయింగులు, పటాలు, నమూనాల మీద రాత లెక్కలను సాధనలతో సహా ప్రచురిస్తున్నారు. పరీక్షలకు చదువుకునే పిల్లలు ఆ పేజీని కత్తిరించి పుస్తకంలో పెట్టుకుంటారు. ఉపాధ్యాయుల్లో కూడా కొందరు అందులోని లెక్కలనే తరగతిలో చెబుతారు. అంతటి ఆదరణ ఉన్న పేజీ కనుకనే, అందులో ఈ లెక్కలను సాధిస్తున్న తీరు గురించి గణితం బోధించే వ్యక్తిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సాధనలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. ఇచ్చిన మూడు సంఖ్యలను రెండు నిష్పత్తులుగా పేర్చడం, తెలియని దాన్ని ఎక్స్ అనుకోవడం, అడ్డగుణకారం చేసి భాగించడం, జవాబు రాయడం. గోడ పొడవు అడిగినా, తోట వైశాల్యం అడిగినా, తొట్టిలో పట్టే నీళ్లు అడిగినా నడక మారదు. పొడవు దగ్గర ఈ మూస పనిచేస్తుంది, వైశాల్యం దగ్గర తప్పుతుంది, ఘనపరిమాణం దగ్గర వేల రెట్లు తేడాతో తప్పుతుంది. నేను చూసినంతలో పిల్లలు గుణకారం దగ్గర తడబడరు. కాగితం మీది ఏ కొలత బయట ఉన్న ఏ కొలతకు గుర్తో తేల్చుకునే చోట తడబడతారు. అందుచేత ఒక్క అంకె వేయకముందే ప్రతి విద్యార్థి చేతా ఒక వాక్యం రాయించాలి: ‘‘పటంలో 1 సెం.మీ. అంటే బయట ఇంత.’’ మీ పేజీలో ప్రతి సాధనా ఈ వాక్యంతోనే మొదలు కావాలన్నది నా విన్నపం. దానికి కారణాలను లెక్కలతోనే చూపిస్తాను.

1:50 స్కేలులో గీసిన ఇంటి ప్లానులో ఒక గోడ 7.2 సెం.మీ. ఉంది, అసలు గోడ పొడవు ఎంత అని అడిగారనుకుందాం. 1:50 అనే నిష్పత్తికి ప్రమాణాలు ఉండవు. కాగితం మీద ఏ ప్రమాణంతో ఒకటి కొలిస్తే, బయట అదే ప్రమాణంలో యాభై అని దాని అర్థం, 1 సెం.మీ.కు 50 సెం.మీ., 1 అంగుళానికి 50 అంగుళాలు. ‘‘1 సెం.మీ. అంటే 50 సెం.మీ., అంటే అర మీటరు’’ అని రాసుకున్న విద్యార్థికి గోడ పొడవు 7.2 అర మీటర్లు, అంటే 3.6 మీటర్లు అని వెంటనే తేలుతుంది. ఎక్స్ అవసరమే రాదు. అదే విద్యార్థిని 4.5 మీటర్ల గోడను ఆ ప్లానులో ఎంత పొడవున గీయాలని అడిగితే, అర మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున 9 సెం.మీ. అని చెప్పగలుగుతాడు. మూసకు అలవాటుపడిన విద్యార్థి మాత్రం 50 కనబడగానే గుణించి 225 అని రాస్తాడు. ఆ 225 సెంటీమీటర్లా, మీటర్లా అని అడిగితే చెప్పలేడు, ఎందుకంటే ఆ సంఖ్యకు అతని మనసులో రూపం లేదు.

పటాల దగ్గర ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 1:25,000 పటంలో రెండు వంతెనల మధ్య దూరం 6.4 సెం.మీ. ఉంటే అడ్డగుణకారంలో 1,60,000 వస్తుంది. దాన్ని మీటర్లని రాసేవారు, కిలోమీటర్లని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. భూమధ్యరేఖ వెంబడి భూమి చుట్టుకొలత సుమారు 40,075 కిలోమీటర్లేనని భూగోళ పాఠంలో చదివిన పిల్లలే, రెండు వంతెనల మధ్య అంతకు నాలుగు రెట్ల దూరం రాసి తరువాతి లెక్కకు వెళ్లిపోతారు. ‘‘1 సెం.మీ. అంటే 25,000 సెం.మీ., అంటే 250 మీటర్లు’’ అని ముందే రాసుకుంటే నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరని కూడా అక్కడే తెలిసిపోతుంది, 6.4ను నాలుగుతో భాగిస్తే 1.6 కి.మీ. ప్రమాణాల మార్పిడి లెక్క చివరలో కాక మొదట్లోనే ఒక్కసారి జరిగిపోవడం ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సౌకర్యం.

స్కేలు ఎప్పుడూ కుదింపే అనుకోవడం కూడా సరికాదు. మనిషి ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 8 మైక్రోమీటర్లు. జీవశాస్త్రం పుస్తకంలో దాన్ని 4 సెం.మీ. వెడల్పున గీస్తే అది 40,000 మైక్రోమీటర్లు, కనుక స్కేలు 5,000:1. ఇక్కడ ‘‘పటంలో 1 సెం.మీ. అంటే అసలు కణంలో 2 మైక్రోమీటర్లు’’ అని రాస్తే చాలు. నిష్పత్తిలో ఏ సంఖ్య ముందుందో కంఠస్థం చేయవలసిన పని లేదు. ఒకే చిత్రాన్ని ఒక స్కేలు నుంచి మరో స్కేలుకు మార్చే లెక్కలకూ ఇదే దారి. 1:100 ప్లానులో 12 సెం.మీ. ఉన్న గీతను 1:75లో గీస్తే ఎంత వస్తుంది? 100 నుంచి 75కు తగ్గింది కనుక గీత కూడా తగ్గి 9 సెం.మీ. అవుతుందని చాలామంది రాస్తారు. మధ్యలో అసలు గోడను తలచుకుంటే, అది 12 మీటర్లు, 1:75లో ఒక సెంటీమీటరు అంటే 75 సెం.మీ., కనుక 1,200ను 75తో భాగిస్తే 16 సెం.మీ. గీత పెరుగుతుంది. 1:5,000 పటం 1:50,000 పటం కన్నా పెద్ద స్కేలు పటమని చెబితే పిల్లలు తికమకపడటానికి కారణం కూడా ఇదే. ఐదువేలలో ఒక వంతు యాభైవేలలో ఒక వంతు కన్నా పదిరెట్లు పెద్దదని భిన్నంగా రాసి చూపితే ఆ తికమక తీరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, వైశాల్యానికి వస్తాను. 1:200 ప్లానులో ఒక తోట 30 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తే, నిజమైన తోట వైశాల్యం ఎంత? మూస ప్రకారం 30ని 200తో గుణిస్తే 6,000 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అది 0.6 చదరపు మీటరు, అంటే తరగతి గదిలో ఒక బల్లపై భాగమంత. తోట బల్లంత ఉండదని ఆగి ఆలోచించే విద్యార్థులు తక్కువ, ఎందుకంటే వారి దృష్టిలో అది తోట కాదు, లెక్కలో ఒక మాట. ‘‘1 సెం.మీ. అంటే 2 మీటర్లు’’ అనే వాక్యం రాసిన వెంటనే దాని కింద రెండో వాక్యం రాయించాలి: ‘‘పటంలో ఒక్కొక్క సెంటీమీటరు భుజం ఉన్న చదరం అంటే నేల మీద రెండు రెండు మీటర్ల భుజం ఉన్న చదరం, అంటే 4 చదరపు మీటర్లు.’’ అలాంటి చదరాలు ముప్పై ఉన్నాయి కనుక తోట 120 చదరపు మీటర్లు. గళ్ల కాగితం మీద ఒక గడిని రంగువేసి చూపితే ఈ రెండో వాక్యం పిల్లల నోటి నుంచే వస్తుంది. వైశాల్యం స్కేలు వర్గం ప్రకారం మారుతుందనే సూత్రాన్ని బట్టీపట్టించిన తరగతుల్లో, వర్గం ఎప్పుడు చేయాలి, వర్గమూలం ఎప్పుడు తీయాలి అనే సందేహం ఏళ్లతరబడి ఉండిపోతుంది. గడిని చూసి రాసిన వారికి ఆ సందేహం రాదు.

ఈ పొరపాటు ఈనాటిది కాదు. ప్లేటో రాసిన సంభాషణల్లో ఒకదానిలో సోక్రటీసు ఒక బాలుణ్ణి, రెండడుగుల భుజం ఉన్న చతురస్రానికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం కావాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. భుజం రెట్టింపు చేస్తే సరిపోతుందని బాలుడు తడుముకోకుండా చెబుతాడు. గీసి చూస్తే వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది. సోక్రటీసు సూత్రం చెప్పలేదు, నేల మీద బొమ్మ గీశాడు. సరూప త్రిభుజాల వైశాల్యాలు వాటి అనురూప భుజాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయని యూక్లిడ్ తన మూలగ్రంథం ఆరో పుస్తకంలో నిరూపించాడు. ఈనాటి పాఠ్యపుస్తకాల్లో ఆ సిద్ధాంతం సరూపత అధ్యాయంలోనూ, స్కేలు లెక్కలు అనుపాతం అధ్యాయంలోనూ ఉంటాయి. రెండూ ఒకటేనని పిల్లలకు చెప్పే చోటు ఎక్కడా లేకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం మూడూ ఒకే వస్తువులో కనబడేలా లెక్క ఇస్తే తేడా బాగా నాటుకుంటుంది. తరగతిలో నేను వాడే లెక్క ఒకటి చెబుతాను. ఒక నీళ్ల ట్యాంకుకు 1:20 స్కేలులో అట్టతో నమూనా చేశాం. నమూనా అడుగు భాగం 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు; ఎత్తు 15 సెం.మీ. దానికి ఆనించిన చిన్న నిచ్చెన పొడవు 18 సెం.మీ., నిచ్చెనకు 12 మెట్లు, అది నేలతో 75 డిగ్రీల కోణం చేస్తుంది. నమూనాలో 1.5 లీటర్ల నీళ్లు పడతాయి. బయటి వైపు, పైకప్పుతో సహా, ఒక పూత వేయడానికి 10 మిల్లీలీటర్ల రంగు పట్టింది. అసలు ట్యాంకుకు ఈ కొలతలన్నీ చెప్పండి.

నిచ్చెన పొడవు ఇరవై రెట్లు, 3.6 మీటర్లు. నిచ్చెన మెట్లు పన్నెండే. కోణం 75 డిగ్రీలే. ఈ రెండింటినీ కూడా ఇరవైతో గుణించే పిల్లలు ఉంటారు. 1,500 డిగ్రీల కోణంలో ఆనించిన నిచ్చెన ఎలా ఉంటుందో గీయమంటే వారే ఆగిపోతారు. అట్ట నమూనాలో ఒక చదరపు సెంటీమీటరు అసలు ట్యాంకు మీద 400 చదరపు సెంటీమీటర్లు కనుక, పూత మందం అంతే ఉంచితే రంగు నాలుగు వందల రెట్లు, అంటే 4 లీటర్లు కావాలి. పూత మందం అంతే ఉంచితే అన్న షరతును నేను కావాలనే నొక్కి చెబుతాను. రంగు ఘనపరిమాణంలో కొలిచే వస్తువే అయినా, అట్ట మీదా గోడ మీదా పూత మందం ఒకటే కనుక అది వైశాల్యాన్ని అనుసరిస్తుంది. ‘మిల్లీలీటర్లు కనబడితే ఘనం చేయాలి’ అని గుర్తుపెట్టుకున్న విద్యార్థి ఇక్కడ 80 లీటర్లని రాస్తాడు. నీళ్ల విషయంలో మాత్రం ఘనమే: నమూనాలో ఒక ఘనపు సెంటీమీటరు అసలు ట్యాంకులో 20 సెం.మీ. భుజం ఉన్న ఘనం, అంటే 8,000 ఘనపు సెంటీమీటర్లు, సరిగ్గా 8 లీటర్లు. నమూనాలో అలాంటివి 1,500 ఉన్నాయి కనుక అసలు ట్యాంకులో 12,000 లీటర్లు పడతాయి. జవాబు సరిచూసుకోవడమూ సులభమే. అసలు ట్యాంకు రెండు మీటర్లు, రెండు మీటర్లు, మూడు మీటర్లు, అంటే 12 ఘనపు మీటర్లు. ఇరవైతో మాత్రమే గుణించినవారికి 30 లీటర్లు వస్తుంది. మనిషి కన్నా ఎత్తుగా ఉన్న ట్యాంకులో రెండు బకెట్ల నీళ్లు పడతాయా అని అడిగితే తరగతిలో ఎవరికీ ఇంకో వివరణ అవసరం రాదు.

బరువుల లెక్కల్లో ఈ తేడా ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1889లో పూర్తయిన ఐఫెల్ టవరు ఎత్తు, పైనున్న యాంటెన్నాలతో కలిపి, ఇప్పుడు 330 మీటర్లు. దాని ఇనుప కట్టడం బరువు సుమారు 7,300 టన్నులు. దాన్ని ప్రతి కమ్మీతో సహా అదే ఇనుముతో 33 సెం.మీ. ఎత్తున నమూనా చేస్తే ఎంత బరువు ఉంటుంది? స్కేలు 1:1,000. వెయ్యితో భాగించిన విద్యార్థి ఒళ్లో పట్టే బొమ్మ 7.3 టన్నులు ఉంటుందని రాస్తాడు. వెయ్యి ఘనం వంద కోట్లు. 7,300 టన్నులు అంటే 730 కోట్ల గ్రాములు. వంద కోట్లతో భాగిస్తే 7.3 గ్రాములు. మొదట ఎవరూ నమ్మరు. టవరులో ఒక సెంటీమీటరు మందం ఉన్న ఇనుప రేకు నమూనాలో మిల్లీమీటరులో వందో వంతు మందమే ఉంటుందని చెప్పినప్పుడు నమ్మకం కుదురుతుంది. రైలు నమూనాలు సేకరించేవారికి ఈ సంగతి చేతి బరువులోనే తెలుసు. హెచ్.ఓ. అనే స్కేలు 1:87, ఎన్ అనే స్కేలు 1:160. అసలు రైలుమార్గం 1,435 మిల్లీమీటర్ల గేజి అయితే మొదటిదానిలో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., రెండోదానిలో 9 మి.మీ. పొడవులో ఒకటి రెండోదానికి రెట్టింపు కూడా లేదు, కానీ ఒకే ఇంజనును ఒకే లోహంతో నిండుగా పోతపోస్తే బరువు ఆరు రెట్లకు పైగా ఉంటుంది.

ఇదే తర్కాన్ని గెలీలియో 1638లో వెలువరించిన గ్రంథంలో ఎముకలకు అన్వయించాడు. ఒక జంతువు ఆకారం మారకుండా అన్ని దిక్కులా మూడు రెట్లు పెరిగితే దాని బరువు ఇరవై ఏడు రెట్లు అవుతుంది. ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం తొమ్మిది రెట్లే అవుతుంది. అందుకే పెద్ద జంతువుల ఎముకలు పొడవుకు తగిన లావు కన్నా ఇంకా లావుగా ఉండాలి. అట్టతో చేసిన వంతెన నమూనా నిలబడింది కనుక అదే ఆకారంలో, అదే పదార్థంతో పెద్ద వంతెన కూడా నిలబడుతుందని చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ తర్కాన్ని శ్రద్ధగా వింటారు, మంచి ప్రశ్నలు వేస్తారు. వర్గాలు, ఘనాలు వాళ్లకు ఎప్పుడో వచ్చు; వాటికి పని ఎక్కడుందో ఎవరూ చూపలేదు, అంతే.

అన్ని నమూనాలూ అన్ని దిక్కులా ఒకే స్కేలులో ఉండవని కూడా చెప్పవలసి ఉంది. కొండలూ లోయలూ ఉబ్బెత్తుగా చూపే నమూనాల్లో అడ్డు కొలతలు 1:50,000 ఉంటే నిలువు కొలతలు 1:10,000 ఉండవచ్చు, లేకపోతే ఎత్తులు కంటికి ఆనవు. రెండు కిలోమీటర్ల దూరంలో 600 మీటర్లు ఎక్కే కొండవాలు నిజానికి సుమారు 17 డిగ్రీలు. ఆ నమూనాలో రెండు కిలోమీటర్లు 4 సెం.మీ., 600 మీటర్లు 6 సెం.మీ. అవుతాయి కనుక వాలు 56 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఇందాక మారదన్న కోణం ఇక్కడ మారింది. రెండు స్కేలులున్నప్పుడు రెండు వాక్యాలు రాయాలి, ఏ వాక్యం ఏ దిక్కుకు వర్తిస్తుందో కూడా రాయాలి.

జవాబులో ఎన్ని అంకెలు ఉంచాలన్నది మీ పేజీలో ఎప్పుడూ ప్రస్తావనకు రాలేదు. 1:50,000 పటం మీద పెన్సిలు గీత మందం అర మిల్లీమీటరు అనుకుంటే, ఆ గీతే నేల మీద 25 మీటర్లు. ఆ పటంలో కొలిచిన దూరాన్ని 3.2475 కిలోమీటర్లని రాస్తే చివరి రెండు అంకెలకు అర్థం లేదు. పెన్సిలు మొన పట్టేంత చోటులోనే అవి మునిగిపోతాయి. సుమారు 3.2 కిలోమీటర్లని రాయడం లెక్క రానివాడి పని కాదని, కొలత తెలిసినవాడి పని అని పిల్లలకు చెప్పాలి. పైగా పటం చూపేది సమతలం మీది దూరం. కొండదారి ఎక్కి దిగే దూరం అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇక పత్రికకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి ఉంది. మీ పేజీలో బొమ్మ కింద ‘స్కేలు: 1 సెం.మీ. = 1 మీ.’ అని అచ్చువేసి, గది పొడవును కొలిచి కనుక్కోమని పిల్లలను అడుగుతున్నారు. బొమ్మ గీసిన కాగితం వేరు, అచ్చయిన పరిమాణం వేరు. కాలమ్ వెడల్పుకు సరిపోయేలా బొమ్మను కుదించినప్పుడు గీతలన్నీ కుదించుకుపోతాయి కానీ, కింద అక్షరాల్లో రాసిన స్కేలు అలాగే ఉండిపోతుంది. ఏ-3 కాగితం మీద 1:100 స్కేలులో గీసిన ప్లానును ఏ-4కు కుదిస్తే ప్రతి పొడవూ సుమారు 0.707 వంతు అవుతుంది, స్కేలు 1:141 అవుతుంది. పది మీటర్ల గోడ పటంలో 7.1 సెం.మీ. కనిపిస్తుంది. స్కేలుబద్దతో శ్రద్ధగా కొలిచిన విద్యార్థి 7.1 మీటర్లని రాస్తాడు; జవాబుల పట్టికలో 10 మీటర్లు ఉంటుంది; బొమ్మను కొలవకుండా ఊహించినవాడు ఒప్పు, కొలిచినవాడు తప్పు అవుతాడు. శ్రద్ధగల పిల్లలకు ఇలా అన్యాయం జరగడం నన్ను ఈ ఉత్తరానికి పురికొల్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. అదే పేజీని ఫోన్‌లో చూసేవారి సంగతి చెప్పనక్కరలేదు. వేలితో పెద్దది చేసిన కొద్దీ స్కేలు మారుతూనే ఉంటుంది.

దీనికి పరిష్కారం పటాలు గీసేవారు ఎప్పటినుంచో వాడుతున్నదే. సంఖ్యలకు తోడుగా బొమ్మ మూలన ఒక రేఖా స్కేలు, అంటే సమభాగాలు చేసి 0, 1, 2, 3 మీటర్లని గుర్తులు పెట్టిన చిన్న పట్టీ, బొమ్మలో భాగంగానే గీయాలి. బొమ్మను ఎంత కుదించినా, ఎంత పెంచినా పట్టీ కూడా దానితోపాటే మారుతుంది కనుక కొలత ఎప్పుడూ నిజమే చెబుతుంది. విద్యార్థి ముందు పట్టీని కొలుస్తాడు, దాని నుంచి ‘‘ఈ అచ్చులో 1 సెం.మీ. అంటే ఇంత’’ అనే వాక్యాన్ని తానే తయారు చేసుకుంటాడు. ఏ-3 నుంచి ఏ-4కు వచ్చినప్పుడు కాగితం వైశాల్యం సగమైనా పొడవు సగం కాకుండా 0.707 వంతే అయిందన్న సంగతే ఒక మంచి లెక్క అవుతుంది.

కొలవడానికి వీల్లేని బొమ్మల కింద ‘ఈ పటం స్కేలు ప్రకారం గీసినది కాదు’ అని తప్పక రాయాలి. ముఖ్యంగా గ్రహణాల బొమ్మల కింద ఈ మాట ఉండాలి. భూమిని 3 సెం.మీ. అడ్డుకొలతతో గీస్తే, అదే స్కేలులో చంద్రుడు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉండాలి, భూమికి సుమారు 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, సూర్యుడు 3.3 మీటర్ల అడ్డుకొలతతో సుమారు 350 మీటర్ల అవతల ఉండాలి. పత్రిక పేజీలో ఇది పట్టదు, పట్టించమని ఎవరూ అడగరు. బొమ్మలో మూడూ పక్కపక్కనే ఉండటం చూసిన పిల్లలు, గ్రహణం ప్రతి నెలా ఎందుకు రాదని అడిగినప్పుడు ఉపాధ్యాయులు ఇబ్బంది పడతారు. చంద్రుని కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉందన్న జవాబు వారికి అర్థం కావాలంటే, 90 సెంటీమీటర్ల దూరంలో ఆ వాలు 8 సెంటీమీటర్ల దాకా ఎత్తు తేడా తెస్తుందని, 3 సెంటీమీటర్ల భూమి నీడను తప్పించుకుపోవడానికి అది చాలని అదే స్కేలులో చూపాలి.

చివరగా, స్కేలు ముందే ఇచ్చి పొడవు అడిగే లెక్కలతో పాటు, స్కేలును విద్యార్థే ఎంచుకోవలసిన లెక్కలు కూడా ప్రచురించండి. డ్రాయింగు బల్ల దగ్గర కూర్చున్నవారు అన్నిటికన్నా ముందు చేసే పని అదే. అటువంటి లెక్క ఒకటి ఇక్కడ రాస్తున్నాను, ఉపయోగపడితే వాడుకోగలరు. ‘‘ఒక సమావేశ మందిరం 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంది. దాని ప్లానును 29.7 సెం.మీ. పొడవు, 21 సెం.మీ. వెడల్పు ఉన్న ఏ-4 కాగితం మీద, నాలుగు వైపులా 2 సెం.మీ. అంచు వదిలి గీయాలి. 1:50, 1:100, 1:200 స్కేలుల్లో ఏది ఎంచుకుంటారు? ఎందుకు?’’ అంచు పోగా మిగిలే చోటు 25.7 సెం.మీ. పొడవు, 17 సెం.మీ. వెడల్పు. 1:50లో మందిరం 48 సెం.మీ. పొడవు అవుతుంది, కాగితం చాలదు. 1:200లో 12 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. వెడల్పున పడుతుంది కానీ, 90 సెంటీమీటర్ల తలుపు నాలుగున్నర మిల్లీమీటర్ల గీత అయిపోయి, కొలతలు రాయడానికి చోటు ఉండదు. 1:100లో 24 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పుతో మందిరం సరిగ్గా ఇముడుతుంది, తలుపు 9 మిల్లీమీటర్లు వస్తుంది. జవాబు అచ్చువేసేటప్పుడు దాని పక్కన ప్లానును కూడా వేస్తే, మూలన 0 నుంచి 5 మీటర్ల దాకా గుర్తులున్న రేఖా స్కేలు ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక గణిత ఉపాధ్యాయిని